బిగించిన మూత

"మన సైంటిస్టును నిన్న లిఫ్టులో చంపేశారు," అన్నాడు చీఫ్. "గురువారం పదకొండింటికి చంపిన ముఠా మనుషులే ఆయన పెంచే కణాల కోసం ల్యాబుకి వస్తారు. వాళ్లకి అమ్ముడుపోయిన టెక్నీషియన్‌గా నువ్వు నటించాలి."

తుపాకులంటే ఏజెంట్ పన్నెండుకి అలవాటే. ల్యాబంటేనే ముచ్చెమటలు పోస్తాయి.

అవి నరాల ట్యూమర్ నుంచి తీసి ఫ్లాస్కుల్లో పెంచుతున్న కణాలు. వాటి పొరలో సోడియం చానల్స్ అనే సన్నని ద్వారాలున్నాయి. ఆ విదేశీ ముఠా తయారుచేసిన విషం దెబ్బతీసేది సరిగ్గా ఆ ద్వారాలనే. కణాలు చచ్చాయంటే విషం పనిచేసినట్టే. ఆ తర్వాత వంతు మనుషులది.

"ఇవ్వనంటే?"

"నిన్ను చంపి ఇంకోచోట తెచ్చుకుంటారు. ఇవ్వాలి, కానీ పనికిరానిది ఇవ్వాలి. వచ్చేవాళ్లలో గులాబీ అనే గూఢచారిణి ఉంటుంది. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఆ రోజు ఎవరి మనిషో నాకే తెలీదు."

పనికిరానిది పన్నెండు సొంత అక్క దగ్గరే దొరికింది. ఇరవై ఏళ్లుగా కణాలు పెంచడమే ఆవిడ ఉద్యోగం.

"ఇవి అరవై రెండు సార్లు ఫ్లాస్కు మార్చి పెంచినవిరా. చూడ్డానికి అచ్చం అవే. ఆ చానల్ జీన్ మాత్రం ఎప్పుడో మూగబోయింది. ఏ విషం పోసినా ఉలకవు, పలకవు." లేబుల్ మీద మాత్రం తొమ్మిదిసార్లే మార్చినట్టు రాసిచ్చింది. "ఇంక్యుబేటర్లో పెట్టేటప్పుడు మూత అరచుట్టు వదులుగా ఉంచు. వాటికి గాలాడాలి."

గురువారం పదకొండింటికి హైహీల్స్ టకటకలాడిస్తూ గులాబీ వచ్చింది. వెనకే బట్టతల నిపుణుడు. అతను ఇంక్యుబేటర్ తెరిచి, ఫ్లాస్కు తీసి, మైక్రోస్కోపు కింద చూసి తలాడించాడు. పన్నెండు ప్రాణం కాస్త కుదుటపడింది.

నిపుణుడి వేళ్లు మూత మీద ఆగాయి.

"రాత్రంతా లోపలే ఉందన్నావు. మూత ఇంత గట్టిగా ఉందేం? ఈ పని తెలిసినవాడెవడూ ఇలా బిగించడే!"

ఎక్కడ ఒలికిపోతుందోనన్న భయంతో పన్నెండే దాన్ని బిగించాడు. నిపుణుడి చెయ్యి కోటులోకి వెళ్లింది. పిస్టల్ పిడి కాస్త కనిపించింది.

"పొద్దున ఫోన్ చేసి నేనే బిగించమన్నాను," అంది గులాబీ విసుగ్గా. "కారులో ఒలికితే మీరు తుడుస్తారా?"

నిపుణుడి చెయ్యి ఖాళీగా వెనక్కొచ్చింది. ఆమె ఫోన్ చెయ్యనే లేదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. వెళ్తూ వెళ్తూ గులాబీ గొంతు తగ్గించి అంది: "కూర్చోండి. ఇంకోసారి మూత వదులుగా ఉంచండి."

రెండు వారాలకి ఆమె నుంచి కబురొచ్చింది. ఎంత పోసినా ఒక్క కణం చావలేదట. విషం దండగని ముఠా నిల్వంతా కొలిమిలో తగలబెట్టేసింది.

అక్కకి మాత్రం కోపం చల్లారలేదు. "మూత బిగించేశావటరా! పాపం, వాటికి ఊపిరాడొద్దూ?"

"ఆ గదిలో ఊపిరాడనిది వాటికి మాత్రమేనా అక్కా!"