కారని జగ్గు

“అక్కా, నీళ్లు జగ్గు లోపల కదా పోశాం. మరి బయటెందుకున్నాయి?”

బుడ్డోడు బల్ల మీద గడ్డం ఆనించి కొత్త గాజు జగ్గునే చూస్తున్నాడు. ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశారు. జగ్గు చుట్టూ సన్నటి చుక్కలు. కింద బల్ల మీద చిన్న మడుగు.

వాళ్లక్క ఐదో తరగతి. ఇంట్లో అందరూ పంతులమ్మ అంటారు. ఏదడిగినా ఠక్కున జవాబు చెబుతుంది. తెలిస్తే చెబుతుంది, తెలియకపోయినా చెబుతుంది. తమ్ముడు నోరు తెరుచుకుని వింటుంటే ఆ హాయే వేరు.

“కారుతోందిరా. గాజుకి కంటికి కనపడని చిల్లులుంటాయి,” అంది హోంవర్కులోంచి తలెత్తకుండా.

బుడ్డోడు ఆ మాట పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు.

“నానమ్మా, నువ్వు కొన్న జగ్గుకి చిల్లులున్నాయట.”

నానమ్మ వచ్చి బల్ల తడిమి చూసింది. వేళ్లు తడిశాయి.

“నిన్న కొన్న జగ్గు. చిల్లులది అంటగట్టాడా నాకు ఆ గిన్నెల కొట్టాయన?” అంటూ కళ్లజోడు పెట్టుకుంది.

నానమ్మ అలా కళ్లజోడు పెట్టుకుందంటే ఎవరికో మూడిందన్నమాటే.

పంతులమ్మ చటుక్కున తలెత్తింది. కానీ ఇప్పుడు కాదంటే పరువేం కావాలి? మళ్లీ హోంవర్కులో తల దూర్చేసింది. నానమ్మ జగ్గు ఖాళీ చేసి, తుడిచి, సంచీలో పెట్టింది.

“ఇద్దరూ పదండి. సాక్ష్యం చెబుదురుగాని.”

వీధి చివర గిన్నెల కొట్టు. లోపల ఒకావిడ గాజు గ్లాసులు చూస్తోంది.

“ఏం బాబూ, తెలిసినవాళ్లమని కారే జగ్గు ఇచ్చావా?” అంది నానమ్మ గట్టిగా.

కొట్టాయన మొహం వాడిపోయింది. “అయ్యో అమ్మగారూ, నేనలాంటి సరుకు అమ్మను.”

జగ్గు అందుకుని కుళాయి నీళ్లు నింపాడు. పాత పేపరు మీద పెట్టాడు. అందరూ వంగి చూశారు. పేపరు పొడిగానే ఉంది. ఎంతసేపు చూసినా పొడిగానే ఉంది.

“ఇంట్లో కారి ఇక్కడ కారకపోవడానికి, నన్ను చూసి మొహమాటపడుతోందా ఏమిటి?” అన్నాడు కొట్టాయన.

బుడ్డోడు కిసుక్కున నవ్వాడు. కానీ గ్లాసులు చూస్తున్నావిడ వాటిని మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయింది. కొట్టాయన నవ్వలేదు. ఆవిడ వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డాడు.

అది చూసిన పంతులమ్మకి చెవులు వేడెక్కాయి.

“నానమ్మా, చిల్లులున్నాయని చెప్పింది నేను,” అంది. “నాకసలు తెలీదు. ఊరికే అనేశాను.”

“ఊరికేనా?” బుడ్డోడు అక్కని కొత్తగా చూశాడు.

నానమ్మ కళ్లజోడు తీసేసింది. “తప్పు నాది బాబూ. పరుగెత్తుకొచ్చేముందు నేనైనా ఆలోచించాల్సింది.”

“క్షమించండి అంకుల్,” అంది పంతులమ్మ.

“పోనీలేమ్మా,” అన్నాడాయన.

బుడ్డోడు మాత్రం వదల్లేదు. “మరి ఇంట్లో ఆ నీళ్లెక్కడివి?”

పంతులమ్మ ఈసారి ఠక్కున చెప్పలేదు. జగ్గు చుట్టూ తిరిగి చూసింది.

“ఇంట్లోవి ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు. ఇవి మామూలు నీళ్లు,” అంది నెమ్మదిగా. “చల్లటిది, రంగున్నది పోసి చూద్దామా? లోపల్నించి వస్తే బయట కూడా రంగే రావాలిగా.”

కొట్టాయనకి హుషారొచ్చింది. పక్క షాపుకెళ్లి చల్లటి ఆరెంజ్ డ్రింకు తెచ్చి, జగ్గులో నీళ్లు పారబోసి అందులో పోశాడు. కాసేపటికి గాజు మసకబారింది. ఆ మసకే చుక్కలైంది. బుడ్డోడు కొట్టాయన తెల్ల రుమాలుతో తుడిచి, వెలుతురులో పట్టి చూశాడు.

“తడిగా ఉంది. రంగు లేదు.”

“అయితే లోపల్నించి కాదు. బయటున్నది గాలే కదా,” అంది పంతులమ్మ. “గాల్లో నీళ్లుంటాయా?”

“ఆరేసిన బట్టల్లో తడి ఎక్కడికి పోతుందే మరి?” అంది నానమ్మ.

“గాల్లోకి.” పంతులమ్మ కళ్లు మెరిశాయి. “అదే తడి చల్లటి గాజు తగిలి మళ్లీ నీళ్లవుతోంది.”

“పాపం, నా జగ్గు బంగారం,” అంది నానమ్మ. ఇందాకటి ఆవిడ వదిలేసి వెళ్లిన గ్లాసులు తనే కొనేసింది. వాటిని కడిగి, నలుగురూ ఆరెంజ్ డ్రింకు అక్కడే తాగేశారు.

తిరిగొచ్చే దారిలో ఒక పావురం గోడ పక్కన నడుస్తోంది.

“అక్కా, అది నడిచేటప్పుడు తలెందుకు అలా ఆడిస్తుంది?”

పాట పాడుకుంటోందిరా అనే మాట పంతులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“తెలీదురా.”

“నిజంగా తెలీదా?”

“నిజంగా.”

బుడ్డోడి మొహం వెలిగిపోయింది. “నాకూ తెలీదు,” అన్నాడు, ఇద్దరికీ ఫస్టు ర్యాంకు వచ్చినట్టు.

అక్కాతమ్ముళ్లిద్దరూ చప్పుడు చేయకుండా గొంతుక్కూర్చుని, పావురం తలనే చూస్తూ దాని వెనకే కప్పల్లా గెంతుతూ వెళ్లారు.