ద్వాలి చెప్పిన అభ్యంతరం

లాయర్ ఉదయ్ భాస్కర్ మధిర స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని టీ తాగుతూనే చనిపోయాడు. చూసినవాళ్లు గుండెపోటు అనుకున్నారు. మెడ వెనక సూది గుచ్చిన చుక్కను ప్రభుత్వ గూఢచారి డిపార్ట్‌మెంట్ డాక్టర్ ఒక్కడే పట్టాడు.

గంటలో ఖమ్మంలో ఉన్న ఏజెంట్ కోటేష్‌కు చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది. బ్లడ్ క్యాన్సర్ మాత్ర ఒకదాని పేటెంట్ ఇరవై ఏళ్లు నిండి ఈ నెలతో ముగుస్తోంది. ముగిస్తే మన కంపెనీలు అదే మందును జెనరిక్‌గా, పదో వంతు ధరకే చేస్తాయి. దాన్ని ఆపడానికి ఆ విదేశీ కంపెనీ అదే మందుకు కొత్త స్ఫటిక రూపం కనిపెట్టామంటూ రెండో పేటెంట్ అడిగింది. ఆ రూపంలో తప్ప మాత్ర నిలవ ఉండదు. కానీ ఆ రూపం కొత్తదేమీ కాదు. చెంచురామయ్య అనే కెమిస్ట్రీ లెక్చరర్ దాని గురించి పన్నెండేళ్ల కిందటే ఒక సెమినార్ సంచికలో రాశాడు. ముందే అచ్చయినదానికి పేటెంట్ రాదు. అందుకే కంపెనీ పంపిన ముఠా లైబ్రరీల్లోని ప్రతులన్నీ మాయం చేసింది. ఇక మిగిలింది ఆయన దగ్గరున్న ఒక్కటే.

“పేటెంట్ ఆఫీసు ఉత్తర్వు ఇవాళ సాయంత్రం ఆరింటికి వెలువడుతుంది. ఆలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చెన్నైలో మనవాళ్ల దగ్గర అర్జీ తయారుగా ఉంది. సంచిక పేజీలు కావాలి. అర్జీదారు ఉదయ్ భాస్కర్ పోయాడు కాబట్టి ఇంకో పేరూ కావాలి.”

“నా పేరు పెట్టండి సార్.”

“నువ్వు కాగితాల మీద లేవు, కోటేష్.”

కోటేష్ భార్య సరళ డబ్బాలో అవే మాత్రలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఖర్చుకు భయపడి ఆమె రోజు విడిచి రోజు మింగుతోందని అతనికి మొన్ననే తెలిసింది. అవి కూడా అయిపోతే ఏం చేయాలో అతనికి తోచలేదు. ఆ మాట చీఫ్‌కు చెప్పనూ లేదు.

మధ్యాహ్నం రెండున్నరకు, పామాయిల్ నర్సరీ ఏజెంట్ వేషంలో, భద్రాచలం వంతెన దగ్గర బస్సు దిగాడు. తెల్ల కారు పక్కన నల్ల కళ్లద్దాలతో ఒకామె నిలబడి ఉంది.

“పర్ణశాలకు బస్సుందా?” అని అడిగాడు కోటేష్.

“ఉంది గానీ దారి బాగాలేదు.”

కోడ్ సరిపోయింది. ఆమె పేరు ప్రసూన. ఆ కంపెనీలో పెద్ద హోదాలో ఉంటూ, రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు అందిస్తోంది. చెంచురామయ్య చర్ల దగ్గర ఏ ఊళ్లో ఉంటున్నాడో ఆమెకొక్కదానికే తెలుసు. ఆయన మాత్రం డిపార్ట్‌మెంట్ మనిషికి తప్ప సంచిక చూపనన్నాడు.

కారు అడవిలోకి మళ్లాక ప్రసూన నిట్టూర్చింది. పాపం, ఆ లాయరు టీ కూడా పూర్తిగా తాగలేదంది. చంపింది ఎవరో కోటేష్‌కు అర్థమైంది. టీ సంగతి స్టేషన్‌లో చూసినవాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియదు. కానీ ఇప్పుడు కారు దిగిపోతే ఆ ఊరు దొరకదు. అతను ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

చెంచురామయ్య పెంకుటింట్లో అడుగుపెట్టేసరికి నాలుగున్నర. ముసలాయన ట్రంకుపెట్టె అడుగు నుంచి సంచిక తీసి ఇచ్చాడు. కోటేష్ ఒక్కో పేజీ తిప్పుతూ, చొక్కా మూడో గుండీలో ఉన్న కెమెరాను వేలితో నొక్కుతూ పోయాడు. చివరి పేజీ తిప్పేసరికి ప్రసూన పెన్ను ముసలాయన మెడ మీద ఉంది. పెన్ను చివర సూది మెరిసింది.

“పుస్తకం ఇటివ్వు. మీ ఇద్దరి ఫోన్లూ కూడా.”

ఇచ్చాడు. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

వెనక వాకిట్లోంచి ఒక బక్కచిక్కిన ఆడమనిషి లోపలికి వచ్చింది. పేరు ద్వాలి. ముసలాయన తెప్పించి ఇచ్చే మాత్రల కోసం పక్క తండా నుంచి వచ్చిందట. అదే జబ్బు, అదే మాత్ర. ఆమె చేతిలో అద్దం పగిలిన ఫోన్ ఉంది. కోటేష్ ఆమెతో లంబాడీలో, అమ్మను పిలిచినట్టు ‘యాడీ’ అంటూ మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఫోన్ పోయిన ముసలాయనకు ఆధార్ ఓటీపీ రాదు; ఆమె పేరు మీద అర్జీ పెట్టాలి, ఆమె ఫోన్‌కు ఓటీపీ వస్తే సంతకం అయినట్టే.

“నా పేరేం పనికొస్తది బిడ్డా? నాకు చదువు రాదాయె.”

“చదువక్కర్లేదు యాడీ. ఎవరన్న ఒకరు అడ్డం చెప్పాలె.”

“ఆ కారుల బోయినామె నా మీదికొస్తదా?”

“రావచ్చు,” అన్నాడు కోటేష్. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ద్వాలి తన ఫోన్ అతని చేతిలో పెట్టింది. “రానీ. మాత్రలు లేకుంటే ఎట్లన్న బోయేదే గద. రాయి నా పేరు.”

ఊళ్లో సిగ్నల్ లేదు. ఉన్నదల్లా మూడు కిలోమీటర్ల అవతల, పోలీస్ క్యాంప్ టవర్ కింద. కోటేష్ ముసలాయన మోపెడ్ మీద ద్వాలిని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. సగం దారిలో వాగు ఇసుకలో చక్రం కూరుకుపోయింది. ఆమెను వీపున వేసుకుని పరుగెత్తాడు. ఆమె బరువు ఎంత తక్కువో తెలిసేసరికి అతనికి సరళ గుర్తొచ్చింది. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

క్యాంప్ చేరేసరికి అయిదూ నలభై. గుండీలోంచి తీసిన మెమొరీ కార్డును ఆమె ఫోన్‌లో పెట్టి, ఫొటోలన్నీ చెన్నైకి పంపడం మొదలుపెట్టాడు. నంబరు అతనికి కంఠతా వచ్చు. పేజీలు ఒక్కొక్కటే వెళ్తున్నాయి. అయిదూ యాభై ఏడుకు ఓటీపీ వచ్చింది. అవతలివాడికి ఫోన్‌లో ఒక్కో అంకే చదివాడు. ఆఖరి అంకె దగ్గర సిగ్నల్ పోయింది. ద్వాలి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని, క్యాంప్ ఇసుక బస్తాల మీదికెక్కి చెయ్యెత్తి పట్టుకుంది. తెగిన మాట మళ్లీ కలిసింది.

“ఎనిమిది,” అని అరిచాడు కోటేష్.

అయిదూ యాభై తొమ్మిదికి అర్జీ దాఖలైంది. ఉత్తర్వు ఆగిపోయింది. ఇది గెలుపు కాదని, ఇక విచారణ జరగాలని చీఫ్ చెప్పాడు. ప్రసూన భద్రాచలం వంతెన మీద డిపార్ట్‌మెంట్‌వాళ్లకు దొరికింది. సంచిక ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఇంకెవరికైనా అమ్ముకోవచ్చని దాన్ని కాల్చకుండా దాచుకుంది.

ద్వాలి ఏ కంపెనీ ఏజెంటో కనిపెట్టమని ఆ విదేశీ కంపెనీ మర్నాడే ఇద్దరు డిటెక్టివ్‌లను పెట్టింది. వాళ్లు ఆమె ఇంటి ముందు రోజంతా కాపు కాశారు. ఆమె బీడీల తునికాకు కోయడానికి పోయింది.