ఇసుక మరిగిన మైదానం

సైలెన్సర్ తుపాకీ చప్పుడు ల్యాబ్ గోడలు దాటలేదు. సాయిల్ సైంటిస్ట్ కీబోర్డు మీదికి ఒరిగిపోయాడు.

గంట తిరక్కముందే ఏజెంట్ డేగ చీఫ్ ఎదుట ఉన్నాడు.

"పొద్దున భూకంపం చూశావుగా. రెండోది ఎప్పుడైనా రావచ్చు. కుదుపుకి ఏ నేల జావైపోతుందో ఆ సైంటిస్ట్ చేసిన మెషిన్ లెర్నింగ్ మోడల్ ముందే చెబుతుంది. నది పక్క మైదానం సేఫ్ అంది. పేషెంట్లనీ, రెస్క్యూ బెటాలియన్‌నీ అక్కడికే చేర్చాం."

"మరి ఆయన్నెందుకు చంపారు?"

"అదే తేల్చు."

డేగ వెంటనే బయల్దేరాడు. ఆ మైదానంలో అతని అక్క నర్సు.

అంబులెన్స్ డ్రైవర్ వేషంలో మైదానం గేటు దాటగానే, నల్ల కళ్లద్దాల అందగత్తె ఒకతె పక్కసీట్లోకి ఎక్కింది. నెమలి. విదేశీ ముఠా జీతం తింటూ ఇటు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్.

"వాన పడేలా ఉందా?"

"గొడుగు ఇంట్లో మరిచాను," కోడ్ పూర్తి చేసి లిప్‌స్టిక్ అందించింది. లోపల పెన్‌డ్రైవ్. "మోడల్‌కి నేర్పిన డేటా మావాళ్లు మార్చేశారు. ఇక్కడ భూమిలో నీళ్లు చాలా లోతున ఉన్నాయని అబద్ధం నేర్పారు. సైంటిస్ట్ పసిగట్టాడు, పోయాడు. సరిహద్దు నుంచి రప్పించిన బెటాలియన్ ఇక్కడ మునిగితే మీ సరిహద్దు ఖాళీ."

పెన్‌డ్రైవ్‌లోని అసలు డేటా ఎక్కించగానే ట్యాబ్‌లో మోడల్ మ్యాప్ మీద పచ్చటి మైదానం ఎర్రబడింది.

"ఇదీ అబద్ధమైతే? నిన్నెలా నమ్మను?"

"నమ్మకు. కొలిచి చూసుకో."

టెంట్ల వెనక మట్టి పరీక్షకు దించిన గొట్టం ఉంది. డేగ వాచీలోంచి సెన్సర్ తీగ లాగి అందులోకి వదిలాడు. మోచేతి లోతు దిగిందో లేదో, బీప్! నీళ్లు తగిలాయి.

చీఫ్‌కి చెబుదామంటే ఫోన్లో సిగ్నల్ లేదు. ఎవరో జామర్ పెట్టారు. అక్క దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, అందర్నీ రాతిగుట్ట రోడ్డు ఎక్కించు!"

"మతిపోయిందా? సెలైన్ ఎక్కుతున్నవాళ్లురా!"

"నీ కాళ్లు పట్టుకుంటా. ఈ నేల నిలవదే!"

తమ్ముడి మొహం చూసి ఆమె ఇంకేం అడగలేదు. విజిల్ ఊదింది. జవాన్లు స్ట్రెచర్లు భుజాన వేసుకున్నారు.

"ఎవరు కదలమన్నారు?" తెల్లకోటు డాక్టర్ అడ్డొచ్చాడు. కోటు జేబులోంచి పిస్టల్ పైకొచ్చింది.

"ముఠా నాయకుడు వాడే!" నెమలి డేగను పక్కకి నెట్టింది. గుండు ఆమె భుజాన్ని చీల్చింది. డేగ ఆమెను ఎత్తుకుని, చివరి స్ట్రెచర్ వెనకే గుట్టకేసి పరిగెత్తాడు. అతని కాలు గుట్ట రాతి మీద పడిందో లేదో, భూమి ఊగింది.

మైదానం నిండా ఇసుక, నీళ్లు కుతకుతా పైకి ఉబికాయి. టెంట్లు ఒరిగాయి. అంబులెన్స్ ముక్కు కిందికి దిగబడింది. తరుముకొస్తున్న తెల్లకోటు నడుం దాకా కూరుకుపోయింది, జేబులో జామర్‌తో సహా.

డేగ ఫోన్ మోగింది.

"హంతకుడు దొరికాడా? బేడీలు పంపనా?" చీఫ్.

"వద్దు సార్. క్రేన్ పంపండి."