గోడ మీద ఫింక్

“నేను ఎవరి మీదా చెప్పలేదు సార్! చెప్పలేదంటే ఒక్కరైనా వినరేం?”

లోపలికి వస్తూనే ప్రేమజ్యోతి అన్న మాట ఇది. కోటు విప్పలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. జెర్సీ సిటీలో లాండ్రీ షాపు మీదున్న ఆ చిన్న ఆఫీసుకి భయంతో వణుకుతూ వచ్చేవాళ్లే ఎక్కువ. ఈమె కోపంతో వణుకుతోంది. ప్రైవేట్ డిటెక్టివ్ కృష్ణమోహన్‌కి అది నచ్చింది. ఆయన అసిస్టెంట్ రేణు టైపు చేయడం ఆపి వినసాగింది.

అది 1982 జనవరి. ప్రేమజ్యోతి పనిచేసే ఆసుపత్రిలో నర్సుల సమ్మె నడుస్తోంది. అక్కడి తెలుగు నర్సులంతా ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో అద్దెకు జరిగే తెలుగు ఆరాధనకే వెళతారు. అక్కడే గుట్టుగా కూర్చుని సమ్మెలో చేరాలని నిర్ణయించుకున్నారు. మర్నాడే, ఆ మీటింగులో గట్టిగా మాట్లాడిన ఇద్దరిని ఆసుపత్రి ఉద్యోగంలోంచి తీసేసింది. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే. సంగతి ఎవరు మోశారా అని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటుండగా, ఆదివారం ఉదయం హాల్లో, ప్రేమజ్యోతి నిలబడి పాటలు ఎత్తే చోట, గోడ మీద ఆమె పేరు, దాని కింద ఎర్ర రంగుతో ఓ ఇంగ్లీషు మాట కనిపించాయి. ఫింక్.

“బుధవారం చేతులెత్తించి నా పేరు చర్చి సంఘంలోంచి కొట్టేస్తారంట. ఈ దేశంలో నాకు వాళ్లు తప్ప ఇంకెవరున్నారు సార్?”

“ఫింక్ అంటే ఏమిటన్నారు?”

“మాకెవరికీ తెలీదు. మా సంఘం సెక్రటరీ దైవాశీర్వాదం గారే చెప్పారు. తోటివాళ్ల సంగతులు పైవాళ్లకి మోసేవాళ్లని అలా అంటారంట. యూనియన్ తెల్లవాళ్లు రాసుంటారు, వాళ్లు ఊరికే రాయరు కదా అన్నారు. అందరూ అవునన్నారు.”

“ఊరికే రాయరా!” కృష్ణమోహన్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. “గోడ మీద రాతకి ఉన్న విలువ మనిషి మాటకి లేకుండా పోయిందన్నమాట. పద రేణూ.”

రేణు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కారు నడుపుతూ, “అంకుల్, అది చాలా ఓల్డ్ స్లాంగ్. నా ఫ్రెండ్స్ అలా వాడరు. వస్తానని ప్రామిస్ చేసి లాస్ట్ మినిట్‌లో రాకపోతే, ఫింక్ అవుట్ చేశాడు అంటాం. అంతే,” అంది.

ఆసుపత్రి ముందు మంచులో నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో మర్ఫీ ఉన్నాడు. అంబులెన్స్ డ్రైవరు, యూనియన్‌లో పాత మనిషి. ఆ మాట వినగానే అతని మొహం మాడిపోయింది.

“మా నాన్న రోజుల్లో ఫింక్ అంటే సమ్మె విరగ్గొట్టడానికి కంపెనీ దింపిన రౌడీ. పోలీసులకి ఉప్పందించేవాడినీ అలాగే అనేవాళ్లు. ఇప్పుడు మావాడికి ఎవడు గిట్టకపోతే వాడు ఫింక్. ఇంకో అర్థం ఉంది. నీకు నచ్చదు.”

“చెప్పు, ఫరవాలేదు.”

“ప్రైవేట్ డిటెక్టివ్.”

రేణు నవ్వు ఆపుకోలేకపోయింది. కృష్ణమోహన్ నవ్వలేదు. “మరి ప్రేమజ్యోతి సంగతి?” అని అడిగాడు.

“మాతో పాటు ఈ చలిలో నిలబడింది. ఆమె మీద మాకు కోపమెందుకు? ఉంటే మొహం మీదే అంటాం. చర్చి గోడలు పాడు చేయం.”

చర్చి బేస్‌మెంట్ మెట్ల మీదా, నడవాలోనూ బూట్ల గుర్తులే. వీధిలో మంచు కరగడానికి చల్లిన ఉప్పు బూట్లకి అంటుకుని, ఆరాక తెల్లగా అచ్చుపడింది. రేణు హాలు గుమ్మం దాటబోతుంటే లోపలినుంచి కేక వినిపించింది.

“ఆగమ్మాయ్! బూట్లు విప్పు. దేవుని సన్నిధిలోకి చెప్పులతో వస్తారా?”

ఆమె కరుణమ్మ. ఉద్యోగం పోయిన ఇద్దరిలో ఒకరు. పక్కనే కళ్లద్దాలతో దైవాశీర్వాదం ఉన్నాడు. ఆసుపత్రిలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసులో గుమాస్తా. ఆ రోజు మీటింగుకి కుర్చీలు వేయించింది ఆయనే.

“తాళంచెవి బయట పూలకుండీ కిందే ఉంటదండి. ఆ మర్ఫీ మనుషులకీ తెలుసు. శనివారం మధ్యాహ్నం నేల తుడిపించి తాళం వేశాం. ఆ తర్వాతే వచ్చి రాసుంటారు,” అన్నాడాయన.

“శనివారం మంచు పడుతూనే ఉందిగా?”

“పొద్దస్తమానం పడిందండి.”

“ఆదివారం నుంచి నేల తుడిచారా?”

“లేదయ్యా,” అంది కరుణమ్మ. “పాస్టర్ అయ్యగారు ఏదీ ముట్టుకోవద్దన్నారు.”

కృష్ణమోహన్ గోడని ఒక్కసారే చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ముదురు గోధుమరంగు నేలని చాలాసేపు చూశాడు. గోడ కింద ఎర్ర రంగు ధారగా కారి చిన్న మడుగు కట్టింది. దాన్ని ఎవరో తొక్కారు. రేణు కూడా వంగి చూసింది. బూటు అడుగున ఉండే గాడుల జాడ లేదు. గుడ్డ నేత అచ్చుపడి ఉంది.

బుధవారం సాయంత్రం సంఘమంతా అదే హాల్లో చేరింది. ప్రేమజ్యోతి ఒక మూల ఒంటరిగా నిలబడింది. పక్కనున్న కుర్చీలు ఖాళీ. పాస్టర్ ఆనందబాబు లేచి, చేతులెత్తేముందు డిటెక్టివ్ గారు రెండు మాటలు మాట్లాడతారన్నాడు.

“ఈ మాటకి ఊళ్లో తలో అర్థం చెప్పారు,” అన్నాడు కృష్ణమోహన్. “నేనూ ఫింక్‌నేనట. కాబట్టి అర్థం పక్కన పెట్టి నేల చూశాను. నడవా నిండా ఉప్పు గుర్తులున్నాయి. గుమ్మం దగ్గర ఆగిపోయాయి. లోపల ఒక్కటీ లేదు. మంచులో నడిచొచ్చి, ఒక మనిషి బతుకు మీద బురద చల్లడానికి లోపలికి వెళ్లినవాడు, ముందు శుభ్రంగా బూట్లు విప్పాడు! ఏ మర్ఫీ విప్పుతాడు చెప్పండి? మీరు మాత్రమే విప్పుతారు.”

హాల్లో గుసగుసలు లేచాయి. ఆయన గొంతు పెంచాడు.

“రాస్తూ రాస్తూ మేజోడుతో రంగు తొక్కాడు. అదే కాలు మళ్లీ బూటులో పెట్టాడు. మేజోడు పారేసి ఉంటాడు. చలికాలంలో ఉన్న ఒక్క జత బూట్లు పారేయలేడుగా.”

రేణు నడవాలోంచి వచ్చింది. చేతిలో నల్ల బూట్లు. కుడి బూటు లోపల, మడమ దగ్గర ఎర్రటి మరక.

“ఎవరివి?” అని అడిగాడు కృష్ణమోహన్.

తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

“మంచిది. అందరూ వెళ్లి ఎవరివి వాళ్లు తొడుక్కుని రండి. ఇవాళ్టికి దేవుడు ఏమీ అనుకోడు.”

ఒక్కొక్కరే వెళ్లి తొడుక్కుని వచ్చి నిలబడ్డారు. చివరికి మేజోళ్లతో మిగిలింది దైవాశీర్వాదం ఒక్కడే.

“మీటింగు సంగతి మోసిందీ మీరే,” అన్నాడు కృష్ణమోహన్. “పేర్లు వెళ్లిన పర్సనెల్ ఆఫీసు మీదే. ఎవరికీ తెలియని మాటకి అర్థం తడుముకోకుండా చెప్పిందీ మీరే. అనుమానం మీదాకా రాకముందే ఈమె మీదికి నెట్టారు. తెల్లవాళ్లు రాశారంటే ఇక్కడ ఎవరూ మారు మాట్లాడరని మీకు బాగా తెలుసు.”

దైవాశీర్వాదం తలెత్తలేదు. “గ్రీన్‌కార్డు ఆపేస్తామన్నారండి. పిల్లలున్నారు... ఆఫీసులో నన్ను ఆ మాటతోనే పిలుస్తారు. నవ్వుతా పిలుస్తారు. అర్థం తెలిసేదాకా నేనూ నవ్వాను.”

“ఆ ఇద్దరికి పిల్లలు లేరా?” కృష్ణమోహన్ అరిచాడు. “మిమ్మల్ని తిట్టిన తిట్టు తెచ్చి ఈ అమ్మాయి పేరు కింద రాస్తారా? సిగ్గుండాలి!”

కరుణమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. “జరిగిందేదో జరిగింది. మనం క్షమించేవాళ్లం. ప్రార్థన చేసుకుందాం. అమ్మా ప్రేమజ్యోతీ, ఇలా ముందుకు రా.”

ప్రేమజ్యోతి కదల్లేదు.

“నా పేరు కొట్టెయ్యాలని మీటింగ్ పెట్టినప్పుడు ప్రార్థన ఎందుకు చెయ్యలేదు అయ్యగారూ? ఆయనొక్కడే రాశాడు. మీరంతా నమ్మారు. నాతో కలిసి అన్నం తిన్నవాళ్లు, నా చేత పిల్లలకి జ్వరం చూపించుకున్నవాళ్లు, ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు.”

“తప్పయిపోయింది తల్లీ,” అంది కరుణమ్మ.

“క్షమిస్తాను పెద్దమ్మా. ఇవాళ కాదు. ఎప్పుడన్నది నేను చెప్తాను. అందాకా ఎవరూ నా గుమ్మం తొక్కకండి.”

ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని అందరి మధ్యలోంచి బయటికి నడిచింది. వాళ్లు రెండు పక్కలకీ తప్పుకుని దారి ఇచ్చారు.