డోలు వాయించే సీసపు సిపాయి

పోతమేస్త్రీ తన వర్క్‌షాపులోనే చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద చిన్న సూదిగాటు. పొయ్యి మీద సీసం ఇంకా కరుగుతూనే ఉంది. చంపినవాడు వెళ్లి ఎక్కువసేపు కాలేదు.

"బొమ్మ సైనికుల్ని పోత పోసుకునే మనిషి. ఈయనతో విదేశీ ముఠాకేం పని సార్?" అన్నాడు ఏజెంట్ మిరియం.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. మనిషి పొట్టి, ఘాటు జాస్తి.

చీఫ్ తలుపు వేసి గొంతు తగ్గించాడు. "ఆ ముఠాలో దూరిన మన ఏజెంట్ల ఫొటోలన్నీ ఒక మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కాయి. మనింటి దొంగే ఎక్కించాడు. వాడు దొరికాడు, ఫిల్మ్ దొరకలేదు. ఈ మేస్త్రీ దాన్ని ఒక డొల్ల సీసపు సిపాయిలో పెట్టి టంకం వేశాడట. ఇవాళ మధ్యాహ్నం జనరల్ ఇంట్లో బొమ్మల ఎగ్జిబిషన్. అక్కడికొచ్చే విదేశీ బయ్యర్ ఆ సిపాయిని పట్టుకుపోతాడు."

"ఫొటోల్లో నెమలి..."

"మొదటి ఫొటో ఆమెదే. ఫిల్మ్ ముఠా చేతిలో పడితే ఈ రాత్రికి ఆమె ఉండదు."

నెమలి అన్నది కోడ్ పేరు. మనిషి మిరియం భార్య.

ముఠా లెక్కలో ఆమె వాళ్ల మనిషి, మన లెక్కలో మన మనిషి. ఈ రెండు లెక్కలూ తప్పకుండా చూసుకోవడానికి కొన్ని నెలలుగా, ఈ ఊళ్లో ముఠా పనులు చక్కబెట్టే జనరల్‌కి కాబోయే భార్యగా నటిస్తోంది. జనరల్ అంటే సైన్యంలో పనిచేశాడనుకునేరు. ఏనాడూ బ్యారక్ గడప తొక్కలేదు. వేల సీసపు సిపాయిల్ని అద్దాల బీరువాల్లో నిలబెట్టుకున్నందుకు ఆ బిరుదు.

భార్య వేరొకడి చెయ్యి పట్టుకు తిరుగుతుంటే ఏ మొగుడికైనా కడుపు మండుతుంది. మిరియానికి రెండు మంటలు. చిన్నప్పటి నుంచి అతనికీ సీసపు సిపాయిల పిచ్చే. అతని దగ్గరున్న సైనిక బ్యాండులో డోలు వాయించేవాడు ఒక్కడే లేడు. వాడి కోసం తిరగని పాతసామాన్ల కొట్టు లేదు. అదే బ్యాండు, డోలువాడితో సహా, అసలు ఎర్రపెట్టెలో, అట్టకు కుట్టిన పాతదారం కూడా తెగకుండా జనరల్ దగ్గరుంది. అన్నీ వాడికేనా దేవుడా!

ల్యాబ్‌వాళ్లు అతనికి విషపుసూది పెన్ను, చెవిలో బుల్లి వైర్‌లెస్, సిపాయిల్ని పసిగట్టే అయస్కాంతం ఉన్న చేతికర్ర ఇచ్చారు.

"సీసానికి అయస్కాంతం అంటుకోదు బాబూ!" అని కర్ర వాళ్ల మొహానే కొట్టి, తెల్లగడ్డం అతికించుకుని బయల్దేరాడు.

పాతబొమ్మలకు విలువ కట్టే ఎక్స్‌పర్ట్ వేషం. ఆ వేషానికి అతనేం కష్టపడనక్కర్లేకపోయింది.

జనరల్ ఇంటి హాలు నిండా అతిథులు. మధ్యలో చిన్న పొయ్యి, దాని మీద ఇనుప మూకుడులో కరిగిన సీసం. ఎవరి సిపాయిని వాళ్లు అచ్చులో పోసుకోవచ్చు. అదో ముచ్చట. ఆరడుగుల జనరల్ బీరువాల ముందు నిలబడి చెప్పుకుపోతున్నాడు.

"మొదట్లో వీళ్లు రేకుల్లా పల్చగా ఉండేవాళ్లు. తర్వాత గట్టి సీసంతో పోశారు. బరువెక్కువ, ఖర్చెక్కువ. ఆ తర్వాత ఎవడో తెలివైనవాడు అచ్చులో సీసం పోసి, అంచులు గట్టిపడగానే మిగిలింది వెనక్కి ఒంపేశాడు. డొల్ల సిపాయి పుట్టాడు! ఖరీదు తగ్గింది, ఇంటింటికీ ఓ సైన్యం. చివరికి పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని సీసం మాన్పించారు. ప్లాస్టిక్ వచ్చింది. కథ కంచికి."

బాగా చెప్పాడు. వెధవ, బాగా చెప్పాడని మిరియానికి ఇంకా ఒళ్లు మండింది.

నీలం చీరలో నెమలి పక్కకొచ్చి నిలబడింది. "మా గుర్రానికి తోక ఊడింది. అతికిస్తారా?"

"జిగురు ఆరడానికి వారం పడుతుందమ్మా," అన్నాడు మిరియం. కోడ్ సరిపోయింది.

"ఎర్రపెట్టెలో డోలువాడు. ఫిల్మ్ డోలులో ఉంది," ఆమె పెదాలు కదలకుండా చెప్పింది.

"ఉంగరం బాగుంది."

"ఇప్పుడా ఆ గొడవ?"

"అడిగానంతే."

"ఇంటికెళ్లాక అడుగుదురు గాని. ముందు నన్ను బతికించండి," అని నవ్వుతూ జనరల్ దగ్గరికి వెళ్లిపోయింది.

అంతలో జనరల్ ఎర్రపెట్టె తెరిచి, డోలువాణ్ని దూదిలో చుట్టి విదేశీ బయ్యర్ చేతిలో పెట్టాడు. బయ్యర్ గుమ్మం దాకా వెళ్లేసరికి ఒక ముసలి ఎక్స్‌పర్ట్ తూలి అతని మీద పడ్డాడు. క్షమాపణలయ్యేసరికి సిపాయి ఇతని జేబులో ఉన్నాడు. గేటు దాటగానే బయ్యర్‌ని మన వాళ్లు చడీచప్పుడు లేకుండా కారెక్కించారు.

మిరియం వరండాలో దూది విప్పాడు. బొమ్మని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూశాడు. బరువు! డొల్ల బొమ్మ ఇంత బరువుండదు. పైగా కొత్త పెయింటు వాసన.

"సార్, ఇది నకలు. గట్టి పోత. ఇందులో ఫిల్మ్ లేదు."

చెవిలో చీఫ్ గొంతు కటువుగా వినిపించింది. "అంటే నీ భార్య మనకి అబద్ధం చెప్పింది. అటు దూకేసింది. ఆమెను కూడా అరెస్ట్ చెయ్యి."

మిరియం తలుపు సందులోంచి చూశాడు. జనరల్ ఎడమచెయ్యి ఆమె భుజం మీదుంది. ఆమె పగలబడి నవ్వుతోంది. ఇంట్లో తన జోకులకి ఏనాడైనా అలా నవ్విందా? నిజమే, దూకేసింది, అనిపించింది. అలా అనుకుంటే ఎంత తేలిగ్గా ఉందో అని భయమూ వేసింది.

అప్పుడు చూశాడు జనరల్ కుడిచెయ్యి. అది కోటు లోపలి జేబు మీదికి వెళ్లింది. నెమ్మదిగా తడిమింది. తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది.

ఆ చెయ్యి సంగతి మిరియానికి తెలుసు. మంచి బొమ్మ దొరికిన రోజున తన చెయ్యీ అంతే, జేబు వదలదు. ఫిల్మ్ తియ్యాలంటే డోలు కోసెయ్యాలి. 'నాకే ఆ డోలువాడు ఉంటే, ముఠా కోసం కాదు కదా, మా బాబు అడిగినా కొయ్యనిస్తానా?' అనుకున్నాడు. జనరల్ తన ముఠానే మోసం చేసి నకలు అంటగట్టాడు. ఫిల్మ్ ఏదని వాళ్లు అడిగితే తప్పు మేస్త్రీ మీదకి నెట్టేస్తాడు. కానీ ముఠా అతని మాట నమ్మి ఊరుకోదు. ఇల్లు గాలిస్తుంది.

మిరియం హాల్లోకి వచ్చి గట్టిగా దగ్గాడు. "జనరల్ గారూ, మీ బ్యాండు చూశాను. రంగులు మళ్లీ వేయించినట్టున్నారే? డోలువాడైతే పూర్తిగా నకిలీ."

అతిథులంతా ఇటు తిరిగారు.

"నకిలీయా? నాదా?" జనరల్ మొహం జేవురించింది. "అది బయ్యర్‌కిచ్చిన..." అని నాలుక కరుచుకున్నాడు.

"అసలుది మీ దగ్గర ఎప్పుడూ లేదు లెండి. నా దగ్గరుంది."

"నోర్ముయ్!" జనరల్ చెయ్యి జేబులోకి పోయింది. అసలు డోలువాడు అరచేతిలో వెలిగాడు. "చూడు! ఇది నకిలీయా? ఆ మేస్త్రీగాడు డోలుకి బొక్క పెట్టకుంటే నిన్నగాక మొన్న చేసినట్టుండేది. ఊరికే వదిలానా వాణ్ని?"

హత్య కూడా ఒప్పేసుకున్నాడు, పాపం. మిరియం చటుక్కున బొమ్మ లాక్కుని మూకుడు దగ్గరికి దూకాడు. గడ్డం సగం ఊడి వేలాడింది. జనరల్ పిస్తోలు తీశాడు. అతిథులు కెవ్వుమంటూ బల్లల కింద దూరారు.

"కింద పెట్టు. పేల్చేస్తా."

డోలువాడు మిరియం వేళ్ల మధ్య ఉన్నాడు. ఎర్రకోటు, చెక్కుచెదరని పాతరంగు, కనుబొమలు కూడా గీసిన చిన్నమొహం. కళ్లు చెమర్చాయి. ఎదురుగా నెమలి నిలబడి ఉంది. ట్రిగ్గర్ మీద వేలు కదిలింది.

మిరియం వేళ్లు విప్పాడు.

సిపాయి నడుము దాకా మునిగి, ఒరిగి, మాయమైపోయాడు. పైన చిన్న మంట లేచింది. ఫిల్మ్ అంతే. జనరల్ పెట్టిన కేక మాత్రం వీధి చివరిదాకా వినిపించింది. పిస్తోలు వదిలేసి, మసులుతున్న సీసంలోకి చెయ్యి పెట్టబోయాడు. నెమలి అతని మెడ మీద ఒక్క దెబ్బ వేసి, చెయ్యి కాలకుండా కాపాడి, బేడీలు తగిలించింది.

ఇద్దరూ కారెక్కారు. ఆమె ఉంగరం తీసి ఎవిడెన్స్ కవర్లో వేసింది. మిరియం ప్రాణం కుదుటపడింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి," అందామె.

"అడుగు."

"మన పెళ్లిలో మీకు కంటతడి లేదు. నన్ను ఈ మిషన్‌కి పంపినప్పుడూ లేదు. ఇందాక మూకుడు దగ్గర ఏడ్చారే, అది నా కోసమా, ఆ డోలుగాడి కోసమా?"

ఎన్ని దేశాల వాళ్లు ఎన్ని రకాలుగా చితకబాదినా నోరు విప్పని ఏజెంట్ మిరియం, ఆ రికార్డు నిలబెట్టుకున్నాడు.