మంచం కింద లిడియా

కడియంలో నర్సరీ ఉన్న ఇంటి ముందు పొద్దున్నే కారు ఆగిందంటే మొక్కల కోసమే. కానీ ఆ చప్పుడు వినగానే పాపాయి వంటింటి కిటికీ మూసేసింది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఆరేళ్ళ కూతురు లిడియా అట్టు వదిలేసి మంచం కిందికి దూరింది.

రాత్రే విశాఖ నుంచి వచ్చిన ప్రిస్కిల్లా అది చూసింది. ఆమె పాపాయికి అక్క, అంతర్జాతీయ న్యాయం చెప్పే ప్రొఫెసరు. తల్లో తండ్రో ఒక్కరే నిర్ణయించుకుని బిడ్డను పెరిగిన దేశం దాటిస్తే వెనక్కి పంపాల్సిందేనని క్లాసుల్లోనూ, కోర్టులు సలహా అడిగినప్పుడూ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మనిషి. ఇప్పుడు ఆమె చెల్లెలే అమ్మకు బాగోలేదని భర్తకు అబద్ధం చెప్పి, మెల్‌బోర్న్ నుంచి పిల్లతో వచ్చేసింది. అతను ఇక్కడ హైకోర్టులో కేసు వేశాడు.

"సోమవారం కోర్టులో వాళ్ళ లాయరు చదివేది నా మాటలే పాపాయీ," అంది ప్రిస్కిల్లా. "అతను నిన్ను కొట్టాడా? పిల్లని ఏమైనా చేశాడా?"

"లేదు. విడిపోదామన్నాడు. విడిపోతే వారంలో సగం రోజులు పిల్ల అతని దగ్గరేనంట. నేనుండలేనక్కా. నువ్వున్నావన్న ధైర్యంతోనే వచ్చాను. నీ చెల్లెలికి ఆ రూలు వర్తించదని ఒక్క మాట చెప్పలేవా?"

"చెప్పలేను."

తల్లి సూరమ్మ పెనం దించేసింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలిచొచ్చి ఇంట్లోవాళ్ళని ఓడిస్తావేంటే?"

పాపాయి అప్పటికే బట్టలు బ్యాగులో కుక్కుతోంది.

"సామర్లకోటలో ఏదో ఒక రైలెక్కేస్తాం. ఎక్కడికి పోయామో మీక్కూడా చెప్పను."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ గొంతు విని సూరమ్మకే భయం వేసింది.

పాపాయి వంగి పిల్ల చెయ్యి పట్టి లాగింది. లిడియా రాలేదు, మంచం కోడు గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మా, డాడీకి నేను చచ్చిపోయానని చెప్పెయ్యి," అంది లోపల్నుంచే. "అప్పుడింక వెతకరు. మమ్మీని పోలీసులు పట్టుకెళ్ళరు."

పాపాయి బ్యాగు పక్కన కూలబడిపోయింది. పిల్లను దక్కించుకున్నాననే అనుకుంది. ఆ పిల్లకు తను ఏం నేర్పిందో ఇప్పుడు తెలిసింది. చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ప్రిస్కిల్లా ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "నీ కోసం నా మాట మార్చలేను. కానీ మెల్‌బోర్న్ కోర్టుకి నీతో వస్తాను. బిడ్డకి తల్లిని దూరం చెయ్యొద్దని చెప్తాను. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు ఉంటాను."

పాపాయి కళ్ళు తుడుచుకుని భర్తకు ఫోన్ చేసింది. అతను వెంటనే ఎత్తాడు.

"లిడీ బాగుందా?" అన్నాడు, ముందుగా అదే.

మంచం కింద పిల్ల ఊపిరి బిగబట్టింది. పాపాయి నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లోపలికి అందించింది.

"మాట్లాడమ్మా, డాడీనే. బతికే ఉన్నానని చెప్పు."