ఏడో నంబర్ గదిల టీవీ

డిండోలి బస్తీల ఆ గల్లీకి చీకటి పడ్డదంటే ఎవ్వరు పోరు. పోయినా ఏడో నంబర్ గది కిటికీ దిక్కు చూడరు. ఎందుకంటే... ఆ గదిల ఒక పెద్ద టీవీ ఉంది. క్రికెట్ రానీ, వార్తలు రానీ, ఆ బొమ్మల ఎనుక ఒక పిల్ల మొఖం కనవడ్తది. రెప్ప కొట్టదు. నవ్వుకుంట కిటికీ దిక్కే చూస్తది. చచ్చిపోయిన సింధూజ మొఖం!

నేను విన్నది విన్నట్టే చెప్తున్న. చెప్పేటప్పుడు కోపమొస్తే మాత్రం నన్ను ఏమనకుండ్రి.

సింధూజ కనకవ్వ బిడ్డ. పందొమ్మిదేండ్లది. రెండేండ్ల కింద, వానకాలం. తల్లి మిల్లుల నైట్ డ్యూటీకి పోయిన రాత్రి పిల్లకు జరం ముదిరింది. గోడ పట్టుకుంట గల్లీలకొచ్చి నాలుగు తలుపులు కొట్టింది. దొంగలనుకున్నరో, తాగుబోతులనుకున్నరో... ఒక్కరంటే ఒక్కరు తియ్యలే. తెల్లారి తల్లి వచ్చేసరికి పిల్ల గడప మీద పడుంది. ఒళ్లంత సల్లగైంది.

ఇప్పుడు గా నాలుగిండ్లోళ్లే ఇంటి సేఠ్ దగ్గరికి పోయిండ్రు. "గదిల దెయ్యముంది, కనకవ్వను ఖాళీ చేయించు" అన్నరు. సిగ్గు శరం ఉండాలె మనిషికి! సేఠ్ సై అన్నడు. పొద్దుగాల సామాను బయట పెట్టాలె, అంతే.

గీ ముచ్చట ఉన్ బస్తీల ఉండే కనకవ్వ తమ్ముడు వీరరాఘవులు చెవిన పడ్డది. ఆయనకు అసలే ముక్కు మీద కోపం. మిల్లుల మగ్గాలు రిపేర్ చేస్తడు. ఇంట్ల కూసుంటే పాత ప్రొజెక్షన్ టీవీలు బాగు చేస్తడు. బీరువా అంత డబ్బా... లోపట ఎర్రది, పచ్చది, నీలిది మూడు ట్యూబులు, ఎనుక పెద్ద అద్దం. ఇప్పుడు ఎవ్వరు ముట్టని ఆ టీవీలంటే ఆయనకు పానం. అక్క ఇంట్లది గూడ పాత సామాన్ల కబాడీల కొని, బాగు చేసి, తనే ఇచ్చిండు.

"నేను బాగు చేసిన టీవీల దెయ్యమా? ఎవని నోటికి మొక్కాలె!" అని సంచిల మూడు ట్యూబులు, మరలు విప్పే పేచ్‌కస్ ఏసుకుని బయలెల్లిండు.

పోయేసరికి చీకటి. వాన. గల్లీల అన్ని తలుపులు బంద్.

పక్కింటి పోశమ్మ తలుపు జరంత తెరిచి గుసగుసలాడింది. "పోకన్నా... అది మనల్నే చూస్తది..."

"గా రాత్రి గింత తెరిచినా పిల్ల బతికేది గదమ్మా!"

తలుపు దభీమని పడ్డది.

లోపట కనకవ్వ చీకట్ల కూసుంది. వీరరాఘవులు స్విచ్ ఏసిండు. టీవీ మెల్లగ వెలిగింది... వార్తలు చదివేటాయన తెల్లంగి మీద... సింధూజ.

ఆ కండ్లు, ఆ జడల మల్లెపూలు... అన్నీ అవే.

డబ్బా ఎనుక విప్పిండు. అద్దం తుడిచిండు. మొఖం పోలే. కేబుల్ పీకిండు. వార్తలు పోయినయి... మొఖం పోలే! టీవీ బంద్ చేసి, ట్యూబుల మీద టార్చి కొట్టిండు. మూడు ట్యూబుల మీద అరచెయ్యంత మరక. మూడింటి మీద అదే మొఖం.

అప్పుడు సమజైంది ఆయనకు.

"అక్కా... బొమ్మను ఆపి పెట్టినవా?"

కనకవ్వ టీవీ దిక్కు చూసింది. "చుట్టాల పెండ్లి వీడియోల... అది ఇటు తిరిగి నవ్వే కాడ ఆపుత. డ్యూటీకెళ్లి వచ్చినంక... రోజూ."

"బొమ్మ ఆపితే ట్యూబు కాలి మరక పడతదని, పడితే ఇగ పోదని వందసార్లు చెప్పిన గదనే!"

"పోదన్నవు గద తమ్మీ... అందుకే ఆపిన."

ఇగ ఆ కోపం ఎవరి మీద చూపియ్యాలె? సంచిల వేరే ట్యూబులున్నయి. మారిస్తే మొఖం పోతది, గది ఉంటది. పేచ్‌కస్ పట్టుకుని వంగిండు. కనకవ్వ వచ్చి డబ్బాకు అడ్డం కూసుంది.

"గది పోతే పోనీ. దాన్ని రెండోపారి పంపియ్య."

వీరరాఘవులు పేచ్‌కస్ ఇసిరికొట్టిండు. వానల నడిగల్లీల నిలవడి ఒర్రిండు.

"వినుండ్రి! సింధూజ లోపట్నే ఉంది! తల్లి దగ్గర కూసుంది! పొద్దుగాల తల్లిని ఎల్లగొట్టుండ్రి... తల్లి కనవడకుంటే అది మల్ల బయటికొస్తది. మల్ల గివే తలుపులు కొడ్తది! ఎవడు తలుపు తియ్యలేదో దానికి బాగ యాదుంది!"

జరసేపటికి పోశమ్మ తలుపు కిర్రుమన్నది.

"కనకవ్వా... నువ్వు ఏడికి పోకవ్వా. సేఠ్‌కు నేను చెప్త."

"థూ!" అని ఊంచి వీరరాఘవులు ఇంటికి మళ్లిండు.

కానీ ఒక్క ముచ్చట ఆయన అక్కకు గూడ చెప్పలే. గా రాత్రి, తలుపులు కొట్టకముందు, సింధూజ ఈ మామకే ఫోన్ చేసింది. మూడుసార్లు. మామ అప్పుడు ఒక టీవీ ముందట కూసుని మూడు రంగుల గీతలను ఒకదాని మీద ఒకటి కలుపుతున్నడు. నడుమల లేస్తే పని మొదటికొస్తది. "ఆగవే, పనిల ఉన్న" అనుకుని ఫోన్ బోర్ల పెట్టిండు.

ఉన్‌ల ఇంటికొచ్చి, తడిబట్టలు ఇడిసి, దీపం ఆర్పి పండుకున్నడు.

టక్... టక్... టక్.

"ఎవరు?"

మల్ల కొట్టిండ్రు. మెల్లగ... చెయ్యిల బలం లేనట్టు.

వీరరాఘవులు లేవబోయి ఆగిండు. గల్లీల అందరిని తిట్టిన నోరు ఎండిపోయింది. మూడోపారి కొట్టినంక గోడ పట్టుకుని లేసిండు.

"వస్తున్న బిడ్డా... వస్తున్న," అని గొళ్లెం తీసిండు.

బయట ఏం చూసిండో ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే. అడిగితే తిడతడు. కానీ గా రాత్రి నుంచి ఆ ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టడు.